కత్తికి ఎన్ని పాయింట్లు?

మొదటి ఆదివారం, ఆట మొదలైన పది నిమిషాలకే మావాడు బీస్ట్‌మ్యాన్‌ని చంపేశాడు.

పాచిక వేశాడు, 20 పడింది. ''హీమ్యాన్ కత్తితో ఒక్కటిచ్చాడు. వాడి పని అయిపోయింది. ఎన్ని పాయింట్లు నాన్నా?'' అంటూ నా వంక చూశాడు. పక్కనే కూర్చున్న తొమ్మిదేళ్ల మా చిన్నదానికి కళ్లనీళ్లు తిరిగాయి. ''హీమ్యాన్ ఎవర్నీ చంపడు! నువ్వు హీమ్యాన్‌వి కాదు అన్నయ్యా'' అనేసి వంటింట్లో వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

తప్పు వాడిది కాదు. ఆట తయారుచేసిన నాది.

మా చిన్నప్పుడు దూరదర్శన్‌లో హీమ్యాన్ వచ్చే వేళకి టీవీ ఉన్నవాళ్ల ఇల్లు పిల్లలతో నిండిపోయేది. కథంతా ఎటెర్నియా అనే లోకంలో జరుగుతుంది. అక్కడ కత్తులూ మంత్రాలతో పాటు రోబోలూ లేజర్ తుపాకులూ ఉంటాయి. యువరాజు ఆడమ్ చూడ్డానికి సోమరి, పిరికి. గ్రేస్కల్ కోట పేరు చెప్పి కత్తి పైకెత్తాడంటే మాత్రం మహాబలుడు హీమ్యాన్ అయిపోతాడు. పుర్రె మొహం స్కెలిటర్ ఆ కోటను కాజేయాలని ఎత్తుల మీద ఎత్తులు వేస్తుంటాడు. అమెరికాలో మాటెల్ కంపెనీ 1982లో ఈ బొమ్మల్ని అమ్మకానికి పెట్టింది. మరుసటేడాది ఫిల్మేషన్ సంస్థ వాటితో కార్టూన్ మొదలుపెట్టి మొత్తం 130 భాగాలు తీసింది. మేం మాత్రం స్కేలో చింతబరికో పైకెత్తి, నోటికొచ్చిన మంత్రం చదివి, వీధంతా పరుగులు తీసేవాళ్లం.

ఉద్యోగరీత్యా కొన్నాళ్లు అమెరికాలో ఉన్నప్పుడు ఆఫీసు మిత్రులు నాకు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట అలవాటు చేశారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి రూపొందించగా 1974లో వచ్చిన ఆట అది. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ''వంతెన తెగిపోయింది. కింద లోయ. ఏం చేస్తారు?'' అని కథకుడు అడుగుతాడు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. పని కష్టమైనదైతే 20 ముఖాల పాచిక వేయాలి. అనుకున్న అంకెకు చేరితే పని జరిగినట్టు, లేకపోతే లేదు. తోలుబొమ్మలాటలో బొమ్మలే లేచి తమ కథ తాము చెప్పుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

దసరా సెలవుల్లో పిల్లలిద్దరూ చెరో ఫోనూ పట్టుకుని చెరో మూల చేరడం చూశాక ఈ ఆట గుర్తొచ్చింది. హీమ్యాన్ పాత భాగాలు నాలుగైదు చూపించాను. ఎటెర్నియాని ఆటగా మారుస్తానని గొప్పలు పోయాను. నిజానికి ఈ పని నాకంటే ముందే జరిగింది. ఫాసా అనే అమెరికా కంపెనీ 1985లోనే ఈ బొమ్మలతో ఒక ఆట తెచ్చింది. నాకేమో సొంతంగా చేయాలన్న ఉబలాటం. డంజియన్స్ ప్రాథమిక నియమాల్ని 2023 జనవరిలో అందరూ ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. వాటినే ముందేసుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. హీమ్యాన్ బలమెంత, కత్తి దెబ్బకి ఎంత నష్టం, స్కెలిటర్ మంత్రదండం ఎంత దూరం పనిచేస్తుంది... అన్నీ లెక్క కట్టాను. రాక్షసుణ్ని పడగొడితే ఇన్ని పాయింట్లని రాశాను. ఆ లెక్కే కొంప ముంచింది.

చిన్నది ఏడ్చిన రాత్రి ఆ భాగాల్ని మళ్లీ చూశాను, ఈసారి పెద్దవాడి కళ్లతో. నిజమే, హీమ్యాన్ కత్తితో మనిషిని నరికిన దృశ్యం ఒక్కటీ కనిపించలేదు. కత్తితో లేజర్ కిరణాలను అడ్డుకుంటాడు, యంత్రాల్ని పగలగొడతాడు. శత్రువుల్ని ఎత్తి బురదలో పడేస్తాడు. వాళ్లు లేచి తిట్టుకుంటూ పారిపోతారు. చివర్లో ఎవరో ఒకరు తెర మీదికొచ్చి పిల్లలకి ఒక మంచిమాట చెబుతారు. నేను ఆ లోకంలోని ఆయుధాల్ని కొలిచాను గానీ, ఆ లోకం దేన్ని మెచ్చుకుంటుందో చూడలేదు.

డంజియన్స్ చరిత్రలోనే దీనికి పాఠముంది. తొలిరోజుల్లో ఆ ఆటలో చంపిన రాక్షసుడికే కాదు, తెచ్చుకున్న ఒక్కో బంగారు నాణేనికీ ఒక పాయింటు ఉండేది. అందుకని తెలివైన ఆటగాళ్లు పోట్లాట తప్పించుకుని, డ్రాగన్ నిద్రలో ఉండగా సొమ్ము ఎత్తుకొచ్చే ఉపాయాలు పన్నేవాళ్లు. దేనికి పాయింట్లు ఇస్తే ఆట అటే పోతుంది. చంపితే పాయింట్లన్నాను కాబట్టి మావాడు చంపాడు.

రెండో వారానికి నియమాలు మార్చాను. ఎవరికీ ప్రాణం లెక్కలుండవు, ధైర్యం లెక్కలే. అవి సున్నా అయితే శత్రువు చావడు, పారిపోతాడు. ప్రాణమున్నవాళ్ల మీద కత్తి దూస్తే గ్రేస్కల్ శక్తి పోయి హీమ్యాన్ మళ్లీ ఆడమ్ అయిపోతాడు. పాయింట్లు చంపినందుకు కాదు, ఎవరినైనా కాపాడినందుకు.

ఇంకో చిక్కు వచ్చింది. హీమ్యాన్ కొండల్ని ఎత్తుతుంటే మిగతావాళ్లు చేసేదేముంది? ఎదురు ఫ్లాటు అమ్మాయి సేనాని టీలా పాత్ర తీసుకుని, రెండో వారం సగంసేపు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. అందుకని హీమ్యాన్ బలానికి పాచికే తీసేశాను. ఎత్తుతానంటే ఎత్తినట్టే. ముందు ఆడమ్ ఎవరి కంటా పడకుండా అక్కణ్నుంచి జారుకోవాలి కదా, పాచిక అక్కడ వేయాలి. వాడు జారుకుని తిరిగొచ్చేదాకా కోటని కాచే భారం టీలాది. తలకిందుల మంత్రాల ఆర్కో మా చిన్నదాని పాత్ర. మంత్రం తప్పితే ఏమవుతుందో 20 వరసల పట్టిక అదే రాసుకుంది. మూడో వారం స్కెలిటర్ మంత్రదండం కాస్తా ములక్కాడ అయిపోయింది. మా ఆవిడ కూడా వంట వదిలేసి వచ్చి నవ్వింది.

అలా సాగుతుండగా నాలుగో వారం వచ్చింది. నేను రాజు రాండార్‌గా మాట్లాడుతున్నాను. ఆడమ్ తండ్రి ఆయన. కొడుకే హీమ్యాన్ అని ఆయనకి తెలియదు. మాంత్రికురాలికీ, ఆయుధాల పెద్దకీ, ఆర్కోకీ, భయస్థుడైన ఆ పెంపుడు పులికీ మాత్రమే తెలుసు. కొలువు మధ్యలో మాయమైన యువరాజుని రాజు మందలించాలి. ''ఎక్కడికి పోయావు? బాధ్యత లేదా? ఏ పనీ పూర్తిగా చేయవా?'' అన్నాను. అంటుంటేనే ఆ గొంతు నాకు తెలిసినదే అనిపించింది. రెండ్రోజుల కిందట మావాడు స్కూలు నుంచి మళ్లీ అరగంట ఆలస్యంగా వచ్చినప్పుడు, యూనిట్ టెస్టు మార్కులు చేతిలో పట్టుకుని నేనన్న మాటలే అవి.

మావాడు ఆడమ్‌లా ఏదో ఒక సాకు చెప్పాలి. చెప్పలేదు. పాచికని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, ''యువరాజు ఏం చెప్పడు మహారాజా. చెప్పినా మీరు వినరు'' అన్నాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆర్కో లేచి నిలబడింది. ''రాజుగారూ, అన్నయ్య... కాదు, యువరాజు...'' అని ఆగిపోయింది. వాడు చెల్లెలి వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

పిల్లలు పడుకున్నాక మా ఆవిడ చెప్పింది. ''వాళ్ల స్కూల్లో ఒకటో తరగతి పిల్లాడికి వ్యాన్ రోజూ ఆలస్యంగా వస్తుందట. ఒక్కడే గేటు దగ్గర ఏడుస్తున్నాడని వీడు తోడు నిలబడి, వాణ్ని ఎక్కించి వస్తున్నాడండీ. చిన్నదానికి తెలుసు. మీకు చెప్పొద్దన్నాడట.''

''ఎందుకు చెప్పొద్దన్నాడు?''

''చెబితే మీరు, ముందు లెక్కల మార్కుల సంగతి చూడు అంటారుగా.''

అంటాను. అంతకుముందు చాలాసార్లు అన్నాను కూడా. ఎటెర్నియాలో పాయింట్ల పట్టిక మూడు వారాల్లో దిద్దుకున్నాను. పదమూడేళ్లుగా ఇంట్లో నడుస్తున్న పట్టికని ఒక్కసారీ తిరిగి చూడలేదు. అందులో ఉన్నది ఒకటే గడి, మార్కుల గడి. ఇక మిగతాది నాకు ఎవరు చెబుతారు?

మరుసటి రోజు వాణ్ని ఏమీ అడగలేదు. వాడు నమ్మి దాచుకున్న మాట, వాడే చెప్పాలి. ఆలస్యంగా వచ్చాడు. ''తినేసి కూర్చో'' అన్నాను, అంతే. గడియారం వైపు చూడకుండా ఉండటానికి కొంచెం కష్టపడాల్సి వచ్చింది. గురువారం అనుకుంటా, అన్నం తింటూ వాడే, ''నాన్నా, ఇవాళ వ్యాన్ తొందరగా వచ్చింది'' అన్నాడు. ఏ వ్యాన్ అని నేను అడగలేదు. వాడూ నవ్వాడు.

లెక్కల మార్కులు ఇప్పటికీ అంతంతమాత్రమే. దాని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం, కాకపోతే ఇప్పుడు అదొక్కటే మాట్లాడుకోవడం లేదు.

ఆట మానలేదు. కార్టూన్‌లో లాగే మా ఆట చివర కూడా ఒకరు లేచి మంచిమాట చెప్పాలని పిల్లలు నియమం పెట్టారు. మా చిన్నది, టీలా, మావాడు తలా ఒకసారి చెప్పారు. వచ్చే ఆదివారం వంతు నాది. రాజు రాండార్ ఏం చెప్పాలో ఇంకా వెతుక్కుంటున్నాను. ఆడమ్ ముందు కూర్చుని వింటాడు కదా మరి!