అమ్మమ్మకు అక్షరాలు నేర్పిన పెట్టె

ఇటలీ అనగానే మనకు గుర్తొచ్చేవి పీసా టవరు, వెనిస్ పడవలు, రోమ్ కొలోసియం, వేడివేడి పిజ్జా. మేమూ ఆ జాబితా పట్టుకునే వెళ్లాం. మా అమ్మాయి మిలన్‌లో చదువుకుంటోంది. నేనూ మావారూ పదిహేను రోజులు దాని దగ్గర ఉండొచ్చాం. చూడాల్సినవన్నీ చూశాం. కానీ తిరిగొచ్చాక ‘అక్కడ ఏం బాగుంది?’ అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఓ వంటింటి అలమరా మీది టీవీ!

ఆ టీవీ మా అమ్మాయి ఉండే ఇంటి ఓనరమ్మది. ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఆవిడ తల్లికి 87 ఏళ్లు. ఇటలీలో అమ్మమ్మనీ నాయనమ్మనీ ‘నోన్నా’ అంటారు. మా అమ్మాయి కూడా ఆమెను అలాగే పిలుస్తుంది. నోన్నాది దక్షిణాదిన పూల్యా ప్రాంతం. అరవైల్లో ఫ్యాక్టరీ పని కోసం మిలన్ వచ్చేసిన వేలాది కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఆ ఊరి పద్ధతిలో చిన్న చిన్న చెవుల ఆకారంలో పాస్తాని చేత్తోనే చేసింది. మాంసం తినమని తెలిసి టమాటాలు, తులసిలాంటి ఆకుతో వండింది.

తింటున్నంతసేపూ టీవీ మోగుతూనే ఉంది. ‘దొమేనికా ఇన్’ అని ఆదివారం మధ్యాహ్నం కార్యక్రమం. 1976 నుంచీ వస్తోందట. ‘భోజనం దగ్గర కూడా టీవీయేనా?’ అని నవ్వుతూ అన్నాను. మా అమ్మాయి ఆ మాట ఇటాలియన్‌లో చెప్పింది. నోన్నా చెంచా కింద పెట్టి తెర వైపు చూపించింది. ‘అది నా బడి’ అంది.

ఆ ఒక్క మాట వెనక అరవై ఏళ్ల ఇటలీ ఉంది.

తెర మీద పలక

ఇటలీలో టీవీ ప్రసారాలు 1954 జనవరి 3న మొదలయ్యాయి. ప్రభుత్వ సంస్థ ‘రాయ్’దే మొత్తం రాజ్యం. మన దూరదర్శన్ రోజుల్లాగే ఇంటింటికీ టీవీ ఉండేది కాదు. 1955లో మైక్ బొంజోర్నో మొదలుపెట్టిన క్విజ్ వచ్చే రాత్రి, జనం కుర్చీలు మోసుకుని మరీ కాఫీ హోటళ్లకు వెళ్లేవారట.

అప్పటికి ఇటలీలో ఒక్కో ప్రాంతానిది ఒక్కో యాస. ఉత్తరాది మనిషి మాట దక్షిణాది మనిషికి అర్థమయ్యేది కాదు. 1951 జనాభా లెక్కల్లో నూటికి 13 మంది దాకా అక్షరం ముక్క రానివాళ్లే. వాళ్ల కోసం 1960లో రాయ్ ఓ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని పేరుకు అర్థం... ‘ఎప్పుడూ ఆలస్యం కాలేదు’! అల్బెర్తో మాంజి అనే బడిపంతులు కెమెరా ముందు నిలబడి, పెద్ద కాగితం మీద బొగ్గుతో బొమ్మ గీసేవాడు. ఆ బొమ్మ నుంచే అక్షరం చెప్పేవాడు. 1968 దాకా నడిచిన ఈ పాఠాల సాయంతో దాదాపు 14 లక్షల మంది ప్రాథమిక విద్య సర్టిఫికెట్ తెచ్చుకున్నారని అంచనా.

నోన్నా వాళ్లలో ఒకరు. సాయంత్రం పొలం నుంచి వచ్చి, ఊళ్లో అందరి కోసం పెట్టిన టీవీ ముందు నోటుపుస్తకంతో కూర్చునేదట. ‘మొదట నేర్చుకున్నది నా పేరు రాయడం. అంతకుముందు వేలిముద్రే’ అంది.

అలాగని ఆ రోజుల టీవీలో ఆడవాళ్లకు స్వేచ్ఛ ఉందనుకోకండి. 1961లో కవలలైన కెస్లర్ అక్కచెల్లెళ్లు నాట్యం చేస్తే, కాళ్లు కనిపించకుండా నల్లటి దళసరి మేజోళ్లు వేయించారు. 1970లో గాయని రఫాయెల్లా కర్రా బొడ్డు కనిపించే దుస్తులు వేసుకుంటే దేశమంతా గగ్గోలు. అలా పెద్దవాళ్లు ‘కప్పుకో’ అన్న టీవీయే పదేళ్లు తిరిగేసరికి ‘విప్పుకో’ అంది. రెండుసార్లూ నిర్ణయం ఆడవాళ్లది కాదు!

పాము నోట్లో పువ్వు

మిలన్ వెళ్లినవాళ్లు స్ఫోర్జా కోట తప్పకుండా చూస్తారు. అక్కడి రాతి చిహ్నాల్లో మెలికలు తిరిగిన ఓ పాము కనిపిస్తుంది. దాని నోట్లో మనిషి! ఒకప్పుడు మిలన్‌ను ఏలిన విస్కోంతి వంశం గుర్తు అది. ఆల్ఫా రోమియో కారు బొమ్మ మీద ఉండేదీ అదే. ఆ పామునే తీసుకుని, నోట్లో మనిషి బదులు పువ్వు పెట్టి, ఓ టీవీ చానెల్ తన గుర్తుగా చేసుకుంది. అదే ‘కనాలె 5’.

దాని పుట్టిల్లు చూద్దామని ఓ సాయంత్రం నగరం అంచున ఉన్న ‘మిలానో 2’కి వెళ్లాం. హంసలు తిరిగే చిన్న చెరువు, చుట్టూ చెట్లు, ఎర్రటి అపార్ట్‌మెంట్లు. చాలా ప్రశాంతంగా ఉంది. దీన్ని కట్టించింది సిల్వియో బెర్లుస్కోని. ఈ కాలనీ వాళ్ల కోసం 1974లో పుట్టిన చిన్న కేబుల్ చానెలే ఆయన చేతికొచ్చి, 1980కల్లా కనాలె 5 అయింది.

ప్రైవేటు చానెళ్లు స్థానికంగా మాత్రమే ప్రసారం చేసుకోవచ్చని 1976లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. దేశమంతటికీ ఒకేసారి చూపించకూడదు. మరేం చేశారు? ఒకే కార్యక్రమాన్ని క్యాసెట్లకెక్కించి ఊరూరా ఉన్న చానెళ్లకు పంపేవారు. అన్నిచోట్లా ఒకే సమయానికి వేసేవారు! 1984లో న్యాయాధికారులు కొన్నిచోట్ల ఈ ప్రసారాలు ఆపించారు. కార్టూన్లు ఆగిపోయి పిల్లలు ఏడిస్తే పెద్దవాళ్లు కోప్పడ్డారు. రోజుల వ్యవధిలోనే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి మళ్లీ మొదలుపెట్టించింది. అప్పటికి ఇతాలియా 1, రెతె 4 కూడా బెర్లుస్కోని చేతిలోనే ఉన్నాయి. 1994లో ఆయన ప్రధాని కూడా అయ్యారు. 2023లో చనిపోయారు.

ప్రకటనల మీదే బతికే చానెల్‌కు కావాల్సింది కళ్లు. కళ్లను కట్టిపడేయడానికి తేలిక దారి వెతికారు. 1983 నుంచి 1988 దాకా వచ్చిన ‘డ్రైవ్ ఇన్’ కామెడీ షోలో పొట్టి దుస్తుల అమ్మాయిలు జోకుల మధ్య అటూ ఇటూ తిరిగేవారు. 1987లో మొదలైన ఓ రాత్రి షోలో అయితే బట్టలు విప్పడమే ఆట. 1991లో వచ్చిన మధ్యాహ్నం షో నిండా స్కూలు వయసు ఆడపిల్లలే. దాన్ని నడిపిన పదిహేనేళ్ల పిల్ల ఏం మాట్లాడాలో కూడా చెవిలో పెట్టిన పరికరం ద్వారా మగ దర్శకుడు చెప్పేవాడు. ప్రేక్షకులు అటు పోతున్నారని రాయ్ కూడా అదే దారి పట్టింది.

కాగితం అమ్మాయి అయింది

‘వెలీనా’ అనే మాట ఇటలీలో అందరికీ తెలుసు. అసలు అర్థం పల్చటి కాగితం. ముస్సోలినీ కాలంలో పత్రికలు ఏం రాయాలో, ఏం రాయకూడదో చెబుతూ ప్రభుత్వం నుంచి వచ్చే హుకుంలు ఈ కాగితాల మీదే టైపయ్యేవి. అందుకే వాటినీ వెలీనాలనేవారు.

1988లో ‘స్త్రీషా లా నొతీత్సియా’ అనే షో మొదలైంది. వార్తల్ని వెక్కిరించే కార్యక్రమం. అందులో వ్యాఖ్యాతలకు వార్తల కాగితాలు అందించడానికి అమ్మాయిల్ని పెట్టారు. కాగితం పేరే వాళ్లకొచ్చింది. తర్వాత కాగితం పోయింది, అమ్మాయి మిగిలింది! ఒకరు బంగారు జుట్టు, ఒకరు నల్ల జుట్టు. బల్ల మీదెక్కి నిమిషంపాటు నాట్యం చేసి వెళ్లిపోవడమే పని. ఇదంతా ఆ కాలం మీద వ్యంగ్యమేనని వాటి సృష్టికర్త ఆంతోనియో రిచ్చి వాదన. ఆ షో ఎన్నో మోసాల్ని బయటపెట్టిన మాట కూడా నిజమే. కానీ ఇంట్లో కూర్చున్న చిన్నపిల్లకు వ్యంగ్యం అర్థమవుతుందా?

ఓనరమ్మ కూతురికి అర్థం కాలేదు. 2002 వేసవిలో ఊళ్ల కూడళ్లలో వేదికలు కట్టి వెలీనాల పోటీలు పెట్టి టీవీలో చూపించారు. అప్పుడా పిల్లకు పన్నెండేళ్లు. ఆ రోజు నుంచి అద్దం ముందు బల్లెక్కి నాట్యం. పదిహేడో ఏట ఓ టీవీ ఆడిషన్‌కు వెళ్లింది. ‘ముందుకు తిరుగు, వెనక్కి తిరుగు’ అన్నారట. అంతే. ఏడుస్తూ ఇంటికొస్తే నోన్నా ఒకటే అడిగిందట. ‘నీ పేరైనా రాసుకున్నారా?’ అని. ‘లేదు నోన్నా, నంబరిచ్చారు’ అందట ఆ పిల్ల.

ఆ మాట చెబుతూ ఓనరమ్మ గొంతు జీరబోయింది. ‘నేనూ డ్రైవ్ ఇన్ చూస్తూ పెరిగాను సిన్యోరా. తర్వాత అలాంటి షోలు చూసి మావారితో కలిసి నవ్వేదాన్ని. నా కూతురు పక్కనే కూర్చుని చూస్తోందని అప్పుడు తట్టలేదు’ అంది. ఇప్పుడా అమ్మాయి ఓ మందుల షాపులో ఫార్మసిస్టు.

అద్దం చూపించిన పాతిక నిమిషాలు

2009లో లొరెల్లా జనార్డో అనే ఆవిడ మరో ఇద్దరితో కలిసి ఓ డాక్యుమెంటరీ తీశారు. పేరుకు అర్థం ‘స్త్రీల శరీరం’. నిడివి పాతిక నిమిషాలే. కొత్తగా షూట్ చేసింది ఏమీ లేదు. రోజూ టీవీలో వచ్చే దృశ్యాల్నే ఏరి, వరసగా పెట్టి చూపించారు. మాట్లాడే మగవాళ్ల పక్కన మాటల్లేని అమ్మాయిలు. ఒకచోట ఎండబెట్టిన పంది తొడల మధ్య ఓ అమ్మాయి వేలాడుతుంటుంది. ఆమె ఒంటిమీద మాంసానికి వేసినట్టు ముద్ర వేస్తారు. చుట్టూ నవ్వులు! రోజుకొకటి చూసినప్పుడు మామూలుగా అనిపించినవే ఒకచోట చూసేసరికి జనం ఉలిక్కిపడ్డారు. వయసు పైబడిన ఆడవాళ్ల ముఖాలన్నీ ఏమైపోయాయని కూడా ఆ చిత్రం అడిగింది. ముడతలున్న ముఖాన్ని దాచాల్సిన తప్పులా ఎందుకు చూస్తున్నామని ప్రశ్నించింది.

2011 ఫిబ్రవరి 13న ‘ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?’ అంటూ ఇటలీ నగరాల్లో ఆడవాళ్లు లక్షల్లో వీధుల్లోకి వచ్చారు. బెర్లుస్కోని చుట్టూ ముసురుకున్న కుంభకోణాలు దానికి నిప్పు రాజేశాయి. రోమ్‌లో పియాజ్జా దెల్ పోపొలో నిండిపోయింది. ఆ రోజు మిలన్‌లో జరిగిన ప్రదర్శనకు ఓనరమ్మ, నోన్నా, మనవరాలు... మూడు తరాలూ వెళ్లాయట.

అలాగని టీవీలో కనిపించిన అమ్మాయిలందరికీ తెలివి లేదనుకుంటే మనదీ అదే తప్పవుతుంది. షోల్లో మెరిసి, 2008లో మంత్రి అయిన మారా కర్ఫాన్యాను చూసి చాలామంది వెక్కిరించారు. ఆవిడ మంత్రిగా ఉన్నప్పుడే, 2009లో, వెంటపడి వేధించడాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది.

మారిందా మరి?

కొంత మారింది, కొంత లేదు. తూర్పు ఐరోపా అమ్మాయిలు భార్యలుగా ఎందుకు మేలో జాబితా వేసి చర్చించినందుకు 2017లో రాయ్ తన షోనే మూసేసింది. 2020 నవంబరులో మరో షోలో, సూపర్ మార్కెట్లో వయ్యారంగా సామాన్లు కొనడమెలాగో పాఠం చెప్పారు. స్త్రీలపై హింస నిర్మూలన దినానికి సరిగ్గా ముందు రోజు! దుమారం రేగి దాన్నీ ఆపారు. అంతకుముందు అదే ఏడాది సాన్‌రెమో పాటల పండుగ వ్యాఖ్యాత, ఓ క్రీడాకారుడి ప్రియురాలిని ‘ఒక అడుగు వెనక నిలబడటం తెలిసిన అమ్మాయి’ అని మెచ్చుకుని తిట్లు తిన్నాడు.

మంచీ ఉంది. టీవీ కామెడీతో పేరు తెచ్చుకున్న పావోలా కొర్తెల్లేసి 2018లో ఓ సినిమా అవార్డుల వేదికపై కొన్ని ఇటాలియన్ మాటలు వరసగా చదివింది. మగవాడికి వాడితే గౌరవం, అదే మాట ఆడదానికి వాడితే వేశ్య అనే అర్థం! 2023లో ఆమె దర్శకత్వం వహించి నటించిన సినిమా ఇటలీలో ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది. 1946 నాటి ఓ పేద గృహిణి కథ అది. నోన్నాను మనవరాలే థియేటరుకు తీసుకెళ్లిందట.

మేం బయలుదేరే రోజు నోన్నా కిందికి దిగొచ్చింది. చేతిలో నాలుగు సిసిలీ నారింజలు. ఒక్కోదానికీ పల్చటి రంగు కాగితం చుట్టి ఉంది. ఆ కాగితాన్ని వేలితో తట్టి ‘వెలీనా అంటే అసలు ఇదీ’ అని నవ్వింది.

హైదరాబాద్ వచ్చాక పండ్లు ఒలిస్తుంటే ఒక కాగితం లోపల పెన్నుతో ఏదో రాసి కనిపించింది. కొంచెం వణికిన గుండ్రటి అక్షరాలు. నోన్నా పేరు.

నారింజలు ఎప్పుడో అయిపోయాయి. ఆ కాగితం మాత్రం మా ఇంట్లో టీవీ పక్కనే ఉంది.