పేలని తుపాకులు

మా ముందుగది గోడమీద పదకొండు తుపాకులున్నాయి. ఒక్కటీ పేలదు. తెలుగు పంతులుకు తుపాకులేమిటని మీకు నవ్వు రావచ్చు. మా కాలేజీ స్టాఫ్‌రూములో ఆ నవ్వులు ఎప్పుడో అయిపోయాయి. "ఛందస్సు చెప్పి పిల్లల్ని చంపేది చాలదా మాస్టారూ?" అని మా లెక్కల లెక్చరరుగారి చమత్కారం. మా ఆవిడ నవ్వదు గాని, దసరాకి బూజు దులిపేటప్పుడు మాత్రం, "తపాలా బిళ్ళలు పోగుచేసుకునే మొగుళ్ళు ఎంత అదృష్టవంతులకు దొరుకుతారో!" అని గోడతో అంటూ ఉంటుంది.

ఈ పిచ్చికి మూలం మా తాతగారు. గోదావరి మెట్టసీమలో ఒక చిన్న గ్రామానికి ఆయన మునసబు. చెరుకుతోటల్లో పడే అడవిపందుల్ని బెదిరించడానికని ఒంటి గొట్టం తుపాకీ ఒకటి, పన్నెండు బోరుది, లైసెన్సు మీద ఉంచుకునేవారు. 1984లో రాష్ట్ర ప్రభుత్వం మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దుచేసింది. ఉద్యోగం పోయింది గాని తుపాకీ మిగిలింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు పోలీసుస్టేషనులో అప్పగించాలి కదా! దాన్ని గోనెగుడ్డలో చుట్టి, ఎడ్లబండి మీద తీసుకువెళ్ళి, రసీదు పుచ్చుకుని వచ్చేవారు. ఎవరైనా అడిగితే, "పుట్టింటికి వెళ్ళిందర్రా, ఓట్లు లెక్కపెట్టాక వస్తుంది" అనేవారు. మా మామ్మ మూతి ముడుచుకునేది.

1993లో తాతగారు పోయారు. లైసెన్సు మనిషికిస్తారు గాని గోడకివ్వరు. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, చీమను తొక్కితే పక్కకు తప్పుకుని నొచ్చుకునే మనిషి. ఆయన తన పేర దరఖాస్తు పెట్టుకోకుండా తుపాకీని చివరిసారిగా అప్పగించి వచ్చేశారు. అప్పటికి నాకు పదమూడేళ్ళు. రెండు మేకులూ, వాటి మధ్య సున్నం రంగు మారని పొడుగాటి చారా చాలా ఏళ్ళు అలాగే ఉండిపోయాయి. వెల్లవేయించినప్పుడల్లా ఆ చార సన్నబడుతూ వచ్చింది.

ఉద్యోగం వచ్చిన కొత్తలో, తాతగారి పాత ఫొటో ఒకటి పట్టుకుని వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. వెనక మడమ టేకుతో అతను చేసిపెట్టాడు. గొట్టం మాత్రం ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే ఒకాయన అంకుడు కర్రను లేతు మీద తిప్పి, నల్లలక్క పట్టించి ఇచ్చాడు. ఇనప గొట్టమైతే అచ్చం అసలుదానిలా ఉంటుందని వడ్రంగి ఎంత చెప్పినా నేను ఒప్పుకోలేదు. గొట్టం నిజమైతే రేపు ఎవడో ఒకడు తక్కినదంతా నిజం చేస్తాడు. గోడకు తగిలించాక మా అమ్మ వచ్చి చాలాసేపు చూసి, "మీ తాత దీన్ని ఇంత నిగనిగలాడించేవారు కాదురా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. మూతపడ్డ నాటక సమాజం వారి పిస్తోలు ఒకటి. దాని గుర్రం లాగితే టక్కుమంటుంది, తెర వెనక ఇంకొకడు టపాకాయ పేల్చాలి. దీపావళి రేకు తుపాకులు నాలుగు. వాటి ఎర్రకాగితం రీలులో ఒక్కో చుక్కకూ ఆవగింజంత ఎర్ర భాస్వరమూ, పొటాషియం క్లోరేటూ ఉంటాయని మా కెమిస్ట్రీ మిత్రుడు చెబితే, చిన్నప్పుడు గోరుతో గీకి పేల్చిన రోజులు తలుచుకుని ఇప్పుడు భయమేసింది. వెదురు గొట్టం ఒకటి బస్తరునుంచి వచ్చింది. జగదల్‌పూర్‌లో జగన్నాథుడి రథయాత్రకు, గోంచా అంటారు, అడవిబిడ్డలు వెదురు గొట్టాల్లో కాయలు కూరి పేల్చి స్వామికి వందనం చేస్తారు. దాని పేరు ‘తుప్‌కీ’. మన తుపాకీయే! తురుష్కుల నోటినుంచి బయలుదేరిన మాట దేశమంతా తిరిగి, దేవుడి ఎదట కాయలు పేల్చే వెదురు ముక్కకు పేరై కూర్చుంది. భాష చదువుకున్నవాడికి ఇటువంటిది దొరికితే ఆ పూట భోజనం అక్కర్లేదు.

నాకు దొరకని తుపాకీ ఒకటుంది. అది పిట్టలదొరది. తెలంగాణలో తుపాకీ రాముడన్నా ఇతనే. చిరుగుల ఖాకీకోటు, తలమీద దొరటోపీ, భుజాన కర్ర తుపాకీ. నాలుగేళ్ళ క్రితం ఒకాయన మా వీధిలోకి వచ్చాడు. "తెల్లారుజామున గురిపెట్టాను బాబయ్యా! గుండు కొంగకు తగిలింది, కొంగ చేపమీద పడింది, చేప ఎగిరి మా ఆడమనిషి మూకుట్లో పడింది. అన్నీ అమిరాయి, నూనె ఒక్కటే లేదు, తమరు ఇప్పించాలి!" వీధి వీధంతా నవ్వింది. విరాటపర్వంలో ఉత్తరకుమారుడి ప్రగల్భాలు క్లాసులో చెబుతూ ఉంటాను గాని, ఇంత హాయిగా పిల్లల్ని ఎన్నడూ నవ్వించలేదు. నూనెతోపాటు బియ్యమూ ఇప్పించి, తుపాకీ అమ్ముతావా అని అడిగాను. "అమ్మేస్తే రేపు నేను దొరనెలా అవుతాను బాబయ్యా? ఉట్టి ముష్టివాణ్ణయిపోనూ!" అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు.

ఇంతవరకూ ఇదంతా నాకు సరదాయే. కిందటేడు పాస్‌పోర్టు విచారణకని ఒక కానిస్టేబులు మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నవాడు గోడ చూసి లేచి నిలబడ్డాడు. "లైసెన్సుందా మాస్టారూ?" నేను తాతగారి తుపాకీ దింపి చేతికిచ్చాను. బరువు చూసి పకపకా నవ్వాడు. కాఫీ తాగాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "చేతికిచ్చారు కాబట్టి కర్రని తెలిసింది సార్. రాత్రిపూట వీధిలో ఎవడో పట్టుకుని ఎదురొస్తే నాకు బరువెలా తెలుస్తుంది?" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. లా చదివిన మిత్రుడి దగ్గర ఆయుధాల చట్టం తెచ్చి చదివాను. 1878లో లిట్టన్ ప్రభువు హయాంలో వచ్చిన చట్టం భారతీయుల చేతుల్లో ఆయుధాలు లేకుండా చేసి, తెల్లవాళ్ళను మినహాయించింది. ఆ మంట ఎంతటిదంటే, 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చారు. స్వరాజ్యం వచ్చాక 1959లో చేసిన చట్టమే నేటికీ నడుస్తోంది. లైసెన్సు లేనిదే తుపాకీ లేదు. 2019 సవరణతో, లైసెన్సున్నా సాధారణంగా రెండుకు మించి కూడదు. నన్ను నిలబెట్టింది మాత్రం ఆరవ సెక్షను. గుండు పేల్చగలిగినా, లేకపోయినా, తుపాకీలాగా కనిపించేది ఏదైనా సరే ‘నకిలీ తుపాకీ’యేనట. అటువంటిదాన్ని అసలు తుపాకీగా మార్చాలంటే లైసెన్సు కావాలి. ఇరవైఎనిమిదో సెక్షను ఇంకా ముందుకెళ్ళి, అరెస్టును అడ్డుకోవడానికి నకిలీది చూపినా ఏడేళ్ళ దాకా శిక్ష వేయవచ్చునంటుంది. అంటే చట్టం గొట్టంలోకి చూడలేదు, ఎదుటివాడి కళ్ళలోకి చూసింది. శాసనాలు రాసేవాళ్ళకు ఇంత రసజ్ఞత ఉంటుందని నేననుకోలేదు.

ఈ చిక్కు జపానువాళ్ళకు మనకన్నా ముందే వచ్చింది. అక్కడ 1958 చట్టం ప్రకారం మామూలు మనిషి ఇంట్లో పిస్తోలు ఉంచుకోవడమన్నది దాదాపు లేనట్టే. అంచేతనే కాబోలు, పిస్తోళ్ళ నమూనాలు చేయడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు. భాగాలన్నీ విప్పి బిగించవచ్చు, ఇత్తడి తూటాలు పెట్టవచ్చు, మీట నొక్కితే చిటుక్కుమని పేలి ఖాళీ తూటా బయట పడుతుంది. గుండు మాత్రం రాదు. 1971లో అక్కడి ప్రభుత్వం లోహపు పిస్తోలు నమూనాలకు గొట్టం మూసెయ్యాలనీ, తెలుపో పసుపో రంగు వెయ్యాలనీ శాసించింది. యోకోహామాలో ఉద్యోగం చేస్తున్న నా పాత శిష్యుడు ఒక దుకాణం అద్దాలబీరువా ఫొటో పంపించాడు. వరసగా బంగారు పిస్తోళ్ళు, పెళ్ళివారి నగల్లాగా! దూరంనుంచి చూసినా ఎవడూ మోసపోడు. సేకరించేవాడికి అది ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. అచ్చుగుద్దినట్టు ఉండాలనే కదా వాడి తాపత్రయమంతా!

అమెరికాలో అసలు తుపాకులకే కొదవ లేదు. అయినా బొమ్మ తుపాకుల మూతికి నారింజరంగు గుర్తు ఉండాలని 1989 నుంచి నిబంధన. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్ నగరంలో పన్నెండేళ్ళ పిల్లవాడొకడు పార్కులో బొమ్మ పిస్తోలుతో ఆడుకుంటున్నాడు. దాని మూతికి ఆ నారింజరంగు లేదు. పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలో వాణ్ణి కాల్చేశారు. మర్నాడు పిల్లవాడు పోయాడు. ఆ వయసు కొడుకు ఇంట్లో ఉన్నవాడెవడూ ఇది చదివి ఊరికే కూర్చోలేడు.

ఆ వయసు కొడుకు మా ఇంట్లో ఉన్నాడు. ఈ సంక్రాంతి ముందు బళ్ళో విచిత్రవేషాల పోటీ పెట్టారు. మావాడు అల్లూరి సీతారామరాజు దళంలో మనిషిగా వెళతానన్నాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు వరసగా మూడు రోజుల్లో కొట్టి తుపాకులు పట్టుకుపోయిన కథ నేను చెప్పిందే. వాడి కళ్ళు తిన్నగా తాతగారి తుపాకీ మీదికి పోయాయి. నేను వద్దన్నాను.

"కర్రదే కదా నాన్నా!"

"కర్రదని నీకు తెలుసు, నాకు తెలుసు. వీధిలో వాళ్ళకు తెలియదు."

"అయితే దాని మూతికి ఎర్రరంగు వేసివ్వు."

మా అమ్మ మంచంమీద లేచి కూర్చుంది. "మీ ముత్తాత తుపాకీకి లిప్‌స్టిక్కు పూస్తావుట్రా!" అంది. వాడు అలిగి అన్నం మానేశాడు. మా ఆవిడ ఎవరి పక్షమూ వహించకుండా, "దీనికంతటికీ ఆ గోడే కారణం" అని తీర్పు చెప్పింది. ఆ రాత్రి పడుకుని చాలాసేపు ఆలోచించాను. తాతగారి తుపాకీకి రంగు పూయడానికి నా చెయ్యి రాదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా వాడి భుజాన పెట్టి పంపడానికి అంతకంటే రాదు.

మర్నాడు పొద్దున్నే ఏటికొప్పాక ఆయనకు ఫోను చేశాను. నాలుగు రోజుల్లో పార్సెలు వచ్చింది. నిమ్మపండు పసుపు గొట్టం, చిలకపచ్చ మడమ, మధ్యలో ఎర్రచారలు. గంగిరెద్దును అలంకరించినట్టుగా ఉంది. మావాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో రాజుగారి దళంలోకి వెళితే నన్ను ముందు రాజుగారే తరిమేస్తారు" అన్నాడు. నిజమే. కాసేపు ముఖం వేలాడేసుకుని, మళ్ళీ వాడే లేచి మా నాన్నగారి పాత ఖాకీకోటు ఎక్కడుందని మామ్మను అడిగాడు.

పోటీలో బహుమతి రాలేదు. పిట్టలదొర కబుర్లన్నీ అప్పజెప్పి, ఆఖరికి నూనె ఇప్పించమని హెడ్మాస్టరుగారినే అడిగాడట. సాయంత్రం ఆయన నాకు ఫోను చేసి, ఎంత నూనె పంపమంటారని అడిగారు.