అయిదు వాట్ల అరుపు

ఈఎల్84 అని ఒక వాల్వు ఉంది. చూపుడువేలంత గాజు గొట్టం. పాత రేడియోల్లో ఉండేది. దాన్ని తయారుచేసినవాళ్లు అచ్చువేసిన పత్రంలో ఒక లెక్క ఉంటుంది: 250 వోల్టుల మీద నడిపితే 5.7 వాట్లు ఇస్తుంది, అప్పటికి ధ్వనిలో వక్రీకరణ 10 శాతం. లోపలికి పోయిన శబ్దం బయటికి వచ్చేసరికి అంత పాడవుతుందని ఇంజినీరు ముందే చెప్పి పెట్టాడు. ఇక్కడితో ఆగండి, దాటితే దోషం అని.

బ్లూస్ గిటారు అక్కడ మొదలవుతుంది.

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి దోషం అనే మాట వింటే నాకు అలంకారశాస్త్రం గుర్తొస్తుంది. కావ్యదోషాల పట్టికలో గ్రామ్యం ఒకటి. ఊరి మాట కావ్యంలోకి వస్తే దోషం. మరి వాడ మాట? దానికి పట్టికలో చోటు కూడా లేదు, దోషమని తిట్టించుకునే అర్హతయినా దానికి ఇవ్వలేదు. పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ ఆ పట్టికలతో కుస్తీ పట్టాను. తర్వాత ఆంప్లిఫయర్ల గురించి చదువుతుంటే అదే పట్టిక ఇంకో వేషంలో ఎదురైంది. మచ్చలేని ధ్వని గుణం, పగిలిన ధ్వని దోషం.

ఓవర్‌డ్రైవ్ అంటే ఏమిటో గిటారు ముట్టని మిత్రుల కోసం రెండు ముక్కలు. వాల్వు మోయగలిగినదానికంటే ఎక్కువ సిగ్నల్ దాని నెత్తిన పెడితే అది ఒక్కసారిగా చేతులెత్తెయ్యదు. ధ్వని అలల తలలు మెల్లగా, గుండ్రంగా అణుగుతాయి. ఆ అణగడంలోనే అసలు స్వరానికి పైన కొత్త స్వరాలు పుట్టి దాన్ని అంటుకుని ఉంటాయి. మామూలు ట్రాన్సిస్టర్ అయితే కొడవలితో కోసినట్టు తలను అడ్డంగా కోసేస్తుంది. దాన్నుంచి వచ్చేది గరగర. వాల్వు నుంచి వచ్చేది బొంగురు. రాత్రంతా ఏడ్చిన మనిషి తెల్లారి మాట్లాడితే గొంతు ఎట్లా ఉంటుందో అట్లా.

ఈ బొంగురును ఎవరూ ప్రయోగశాలలో కనిపెట్టలేదు. మిసిసిపిలో పత్తి తోటల్లో పనిచేసిన మడ్డీ వాటర్స్ 1943లో షికాగో చేరాడు. తోటలో పాడుకున్నప్పుడు చాలిన గిటారు అక్కడి బార్ల రొదలో వినబడలేదు. కరెంటు గిటారు పట్టుకున్నాడు. చిన్న ఆంప్‌లు, పెద్ద రొద. రొదను దాటాలంటే నాబ్‌ను చివరిదాకా తిప్పాలి. తిప్పితే వాల్వు పగులుతుంది. 1951లో మెంఫిస్‌లో 'రాకెట్ 88' రికార్డు చేసిన నల్లజాతి కుర్రాళ్ల ఆంప్ స్టూడియోకు వచ్చే దారిలోనే దెబ్బతిన్నది. స్పీకర్లో కాగితాలు కుక్కి అట్లాగే వాయించారు. ఆ జోరీగ మోతే రికార్డుకెక్కింది. హౌండ్ డాగ్ టేలర్ 1971 దాకా ఆల్బమే లేని మనిషి. అగ్గువ జపాన్ గిటారు, సియర్స్ దుకాణంవాళ్ల సిల్వర్‌టోన్ ఆంప్, దాంట్లో చిరిగిన స్పీకర్లు. ఆ చిరుగునే ఆయన శైలి అన్నారు తర్వాత.

ఇప్పుడు ఏమయిందో చూడండి. ఒకప్పుడు నేర్చుకునే పిల్లల కోసం ఫెండర్ కంపెనీ చేసిన అన్నిటికంటే చిన్న ఆంప్ పేరు ఛాంప్. అయిదు వాట్లు. దాని పాత నమూనాను చేత్తో వైరింగ్ చేసి కొత్తగా అమ్ముతున్నారు, ధర సుమారు వెయ్యి డాలర్లు, ఆపైన. పేదవాడి పగులు పాతబడి పురాతన వస్తువయింది. గ్రామ్యం ప్రబంధమయింది అనుకోండి.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, నా స్టూడెంట్ ఒకడు మొన్న స్టాఫ్‌రూమ్ బయట నిలబడి, "సార్, యాభై వాట్ల ట్యూబ్ ఆంప్ చూసిన. పైసలు సగమున్నయి, మిగిలింది ఈఎమ్ఐ పెడ్త" అన్నాడు. డిగ్రీ రెండో సంవత్సరం. చర్చిలో వాయిస్తాడు. మన ఇళ్లలోకి గిటారు చాలావరకు చర్చి తలుపు గుండానే వచ్చింది, ఫీజు కట్టి నేర్చుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్ పనికిపోయి, పెళ్లిళ్ల సీజన్లో తెల్లవారుజాము దాకా ప్లేట్లు తీసి, రెండేళ్లలో 22 వేలు కూడబెట్టాడు. ఆ 22 వేల మీద ఎన్ని గిన్నెల బరువుందో నాకు తెలుసు. అందుకే వాడికి చెప్పిందంతా ఇక్కడ కూడా రాస్తున్నాను, ఇంకెవరైనా ఈఎమ్ఐ కాగితం మీద సంతకం పెట్టబోతుంటే ఆగుతారని.

మొదటిది, వాట్ల మాయ. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి శబ్దం రెట్టింపయినట్టు అనిపించాలంటే వాట్లు దాదాపు పదింతలు కావాలి. అంటే యాభై వాట్ల ఆంప్ అయిదు వాట్లదానికంటే రెండింతలే గట్టిగా వినిపిస్తుంది, పదింతలు కాదు. ఇంకో సంగతి దుకాణంలో చెప్పరు. వాల్వు పగలాలంటే దాని శక్తిలో చాలాభాగం వాడాలి. యాభై వాట్లదాన్ని పగిలేదాకా తెరవాలంటే మైదానం కావాలి. ఇంట్లో దాన్ని ఒకటి మీద పెట్టుకుని కూర్చుంటే వచ్చేది శుభ్రమైన, నీరసమైన ధ్వని. బ్లూస్ కోసం కొన్న ఆంప్ బ్లూస్ ఇవ్వదు.

నేనుండేది ఎర్రగడ్డలో, రెండు గదుల పోర్షన్. గోడ అవతలి ఇంట్లో ఒకామె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటుంది. అద్దెకు అడిగినప్పుడు "మీరేమైతరు?" అని అడగని ఓనరు దొరకడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అట్లాంటి ఇంటిని ఆంప్ చప్పుడుకు పోగొట్టుకోను. ఒకరి మైకు తెల్లవారుజామున నాలుగింటికి మోగితే భక్తి, మన గుమ్మం దాటి ఏది వినబడినా లొల్లి. ఈ న్యాయం మీద ఇంకోసారి రాస్తాను. నా స్టూడెంట్‌ది ఒకటే గది, దాంట్లో నలుగురు. వాడికి కావలసింది గొంతు నొక్కినా బొంగురుగానే పలికే ఆంప్.

కాబట్టి 1 నుంచి 5 వాట్లు. బ్యాండుతో కలిసి డ్రమ్ములు దాటి వినబడాలంటే 15. అంతకు మించి వద్దు.

దొరికేవాటిలో నేను వాయించి చూసినవి చెబుతాను. బుగేరా వీ5లో ఒక ఈఎల్84, దాని ముందు ఒక 12ఏఎక్స్7, ఎనిమిది అంగుళాల స్పీకర్. వెనుక ఒక స్విచ్ ఉంటుంది: 5 వాట్లు, 1 వాట్, 0.1 వాట్. పదోవంతు వాట్ అంటే నవ్వకండి, రాత్రి తొమ్మిది తర్వాత అదే దిక్కు. వాక్స్ ఏసీ4లో కూడా ఈఎల్84 ఒకటే. పన్నెండు అంగుళాల స్పీకరున్న రకం దొరికితే ధ్వని విచ్చుకుని ఉంటుంది. ఎనిమిది అంగుళాలది ఎంతయినా డబ్బాలో మాట్లాడినట్టే. లేనీ కబ్12ఆర్ 15 వాట్లది, రెండు ఈఎల్84లు, కానీ ఒక వాట్‌కు తక్కువ ఇచ్చే జాక్ విడిగా ఉంది. ఇంటికీ చర్చికీ రెండింటికీ పనికొస్తుంది. అందరూ చెప్పే ఫెండర్ బ్లూస్ జూనియర్ మంచిదే, 15 వాట్లు, పేరులోనే బ్లూస్ ఉంది. కానీ కొత్తది కొనాలంటే మా స్థాయి జీతగాళ్లకే బరువు. పైగా దాని పవర్ వాల్వులు పగిలేదాకా పోతే నర్సమ్మ లేస్తుంది. నాకు వదిలేస్తే ఆ కుర్రాడికి వీ5 సెకండ్‌హ్యాండ్‌ది ఇప్పిస్తాను. నాది అట్లా కొన్నదే. గచ్చిబౌలిలో అమెరికా పోతున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి దగ్గర, 14 వేలకు.

"ట్యూబే ఎందుకన్నా?" అని ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో రికార్డింగులకు వాయించే మిత్రుడు ప్రతిసారీ అడుగుతాడు. మాకు కొద్ది కిలోమీటర్ల అవతలి సంగతి. అక్కడ గిటారు నేరుగా కంప్యూటర్లోకి పోతుంది, ఏ ఆంప్ కావాలంటే ఆ ఆంప్ తెర మీద వస్తుంది. పాట వినేవాడికి తేడా తెలియదు. అతని మాట తప్పని నేను అనను. హెడ్‌ఫోన్‌లో మాత్రమే వాయించుకునేవాళ్లు, పదిరకాల ధ్వనులు కావలసినవాళ్లు డిజిటల్ మోడలింగ్ ఆంప్ కొనుక్కోవచ్చు, పైసలు మిగులుతాయి. నాకు ట్యూబ్ నచ్చేది వేలి కింద. మెల్లగా మీటితే శుభ్రంగా పలికి, గట్టిగా మీటితే అదే నాబ్ మీద పగులుతుంది. గిటారు మీది వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే మళ్లీ తేటపడుతుంది. డిజిటల్‌లో ఇది దగ్గరిదాకా వచ్చింది. పూర్తిగా వచ్చిన రోజు నేనూ మారతాను, ట్యూబు నా కులదైవం ఏమీ కాదు.

ఇక మా ఎర్రగడ్డ ఆదివారం సంత. రోడ్డు పక్కన పరుచుకున్న పాత సెల్‌ఫోన్లు, మోటార్లు, పానాలు, బూట్ల మధ్య అప్పుడప్పుడు ఒక వాల్వు రేడియో, లేదా వాల్వులున్న పాత మైక్‌సెట్ ఆంప్ కనిపిస్తుంది. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. బెల్ అని అచ్చున్న గాజు గొట్టం చేతికి దొరికితే జాగ్రత్తగా పట్టుకోండి, బయటి దేశాల్లో కూడా అడిగేవాళ్లున్నారు. పాత రేడియోను గిటారు ఆంప్‌గా మార్చుకోవచ్చని వీడియోలు చూసి కుర్రాళ్లు ఎగబడుతున్నారు. అక్కడికే వచ్చే పాత మెకానిక్ భాయ్ ఒకాయన ఉన్నాడు, వాల్వు రేడియోలు బాగుచేసి బతికిన కాలం చూసినవాడు. పెట్టె వెనక అట్ట విప్పబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "సార్, ఇది కరెంటు తీసినంక గూడ కరుస్తది" అన్నాడు. నిజం. లోపల 250, 300 వోల్టులు. కెపాసిటర్లు ప్లగ్ పీకిన తర్వాత కూడా ఆ కరెంటును దాచుకుంటాయి. పాతవాటికి ఎర్త్ వైరు ఉండదు, రెండే పిన్నులు. లోహపు తీగల గిటారు చేతిలో పట్టుకుని ఎర్త్ లేని పెట్టెకు కలిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పని తెలిసినవాడు కెపాసిటర్లు మార్చి, మూడు పిన్నుల తీగ వేసి ఇస్తే తప్ప సంతలో పెట్టెను ఆంప్‌గా కొనొద్దు. వాల్వులు కొనుక్కోండి, వాటిని మెకానిక్‌తో పరీక్షించుకోండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే ఆంప్ అయితే వెనక 110 అని ఉందా 230 అని ఉందా చూడండి. చూడకుండా మన ప్లగ్గులో పెడితే పొగే.

మా నాయిన డప్పు కొట్టేవాడు. కొట్టేముందు వరిగడ్డి మంట వేసి కాపేవాడు. తోలులో తేమ పోయి బిగుస్తుంది, అప్పుడు పలుకుతుంది. కాపని డప్పు దుప్పటి మీద కొట్టినట్టు ఉంటుంది. వాల్వు కూడా వేడెక్కకుండా పలకదు. లోపలి తీగ ఎర్రబడి, ఆ వేడికి ఎలక్ట్రాన్లు లేచి కదిలితేనే ధ్వని. స్విచ్ వేసి అర నిమిషం ఆగాలి. మొదటిసారి మా నాయిన నా ఆంప్ వెనక ఆ ఎర్ర వెలుగు చూసి, "దీన్ని గూడ కాపుతరా?" అని అడిగాడు. అవునన్నాను. గిటారు వాయిస్తుంటే ఏమీ అనలేదు. ఆపినంక మాత్రం, "గీత గొంతు పోయినట్టున్నది, బాగున్నది" అన్నాడు. నా థీసిస్ గురించి ఆయన అంత మాట అనలేదు.

మిగిలిన చిన్న సంగతులు. స్పీకర్ తీగ పీకి ట్యూబ్ ఆంప్ ఎప్పుడూ ఆన్ చెయ్యొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. బయటి స్పీకర్ పెడితే ఆంప్ మీద రాసిన ఓమ్‌లూ స్పీకర్ ఓమ్‌లూ ఒకటే ఉండాలి. పెళ్లి డీజే బాక్సు కలపొద్దు. గిటారు స్పీకర్ అయిదు వేల హెర్ట్జ్ దాటినదాన్ని చాలావరకు మింగేస్తుంది, బొంగురు వినసొంపుగా ఉండేది అందుకే. డీజే బాక్సు మొత్తం బయటపెట్టి చెవిలో కందిరీగలు వదులుతుంది.

నా స్టూడెంట్ 22 వేల లెక్క ఇది. సెకండ్‌హ్యాండ్ ఆంప్‌కు 15 వేలలోపు. ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్ ఒకటి, పాతదే. దాని డ్రైవ్ పూర్తిగా తగ్గించి లెవెల్ పెంచితే ఆంప్ ముందువాల్వును నెడుతుంది, పగులు తక్కువ శబ్దానికే వస్తుంది. ఒక అదనపు ఈఎల్84, ఒక 12ఏఎక్స్7 ఇంట్లో ఉంచుకోవాలి, ఇవి అరిగే సరుకు. మా దగ్గర వానాకాలం కరెంటు ఎట్లా ఆడుతుందో తెలుసు కదా, చిన్న స్టెబిలైజర్ తప్పదు. ఇవన్నీ పోను ఎంతో కొంత మిగలాలి, మిగలకపోతే పెడల్ తర్వాత కొనాలి. ఈఎమ్ఐ వద్దు.

ఆదివారం వాణ్ణి ఇంటికి రమ్మన్నాను. నర్సమ్మకు ఆ రోజు సెలవట, అడిగితే "నాలుగు తర్వాత కొట్టుకోండి" అంది. ఆంప్ ఒక వాట్ మీద, వాల్యూమ్ పూర్తిగా, గిటారు నాబ్ ఆరు దగ్గర పెట్టి మొదలుపెడతాం.