అందరం లాగాం, వాడికే ఎందుకైంది?

మొన్న ఆఫీసులో లంచ్ చేస్తుంటే గంజాయి మీద చర్చొచ్చింది. "సిగరెట్టు కన్నా నయం బాసూ, ఎంతైనా మొక్కే కదా" అన్నాడో కుర్రాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం హాస్టల్లో నా రూమ్మేటు గుర్తొచ్చాడు.

మా వింగులో ఏడెనిమిది మందిమి లాగేవాళ్ళం. మిగతావాళ్ళంతా ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటూ, ఈఎంఐలు కట్టుకుంటూ బానే ఉన్నారు. వాడు మాత్రం థర్డ్ ఇయర్లో, గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనడం మొదలెట్టాడు. కిటికీకి న్యూస్ పేపర్లు అంటించాడు. "డోసెక్కువైందిరా" అని మేం జోకులేశాం.

మరి వాడికే ఎందుకైంది? స్వీడన్లో 1969-70లో సైన్యానికి ఎంపికైన 45 వేల పైచిలుకు కుర్రాళ్ళని 15 ఏళ్ళపాటు గమనించి, 1987లో ఫలితాలు ప్రకటించారు. అప్పటికే 50 సార్లు దాటి గంజాయి తాగినవాళ్ళకి స్కిజోఫ్రెనియా ముప్పు, ముట్టనివాళ్ళ కంటే ఆరు రెట్లు. ఇతర కారణాల్ని లెక్కలోకి తీసుకుంటే ముప్పు తగ్గింది గానీ, పోలేదు.

న్యూజిలాండ్ డునెడిన్ లో 2002లో వచ్చిన పరిశోధన నన్ను ఇంకా ఆలోచింపజేసింది. 15 ఏళ్ళకే గంజాయి మొదలెట్టినవాళ్ళలో, 26 ఏళ్ళొచ్చేసరికి దాదాపు 10 శాతం మందికి అలాంటి జబ్బు కనిపించింది. తాగనివాళ్ళలో 3 శాతమే. అయితే ఆ పిల్లల్ని 11 ఏళ్ళప్పుడే లేనివి వినిపిస్తున్నాయా, కనిపిస్తున్నాయా అని అడిగి ఉంచారు. దాన్ని కూడా లెక్కేస్తే తేడా కొంత తగ్గింది. అంటే కొందరిలో బీజం ముందే ఉందన్నమాట. గంజాయి దానికి నీళ్ళు పోస్తుంది.

మావాడిలోనూ ఉంది. సెకండియర్లోనే మెస్సుకి రావడం మానేశాడు, లెక్చరర్ తననే చూస్తున్నాడనేవాడు. వాళ్ళ మేనమామకి "గాలి సోకింది" అని ఓసారి వాడే చెప్పాడు. అది విన్నాక కూడా వాడి చేతికి అందించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ తర్వాత తాయెత్తులూ, మొక్కులూ అంటూ ఏడాది గడిచిపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి బాగా ముదిరింది. ఇప్పుడు మందులమీద పర్లేదు, ఊళ్ళో వాళ్ళమ్మ దగ్గరే ఉంటున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ "బాబూ, మావాడికే ఇలా ఎందుకైందంటావ్?" అని అడుగుతుంది. ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

అందుకే లంచయ్యాక ఆ కుర్రాణ్ణి పక్కకి పిలిచి ఒకటే అడిగాను: "మీ ఇంట్లో ఎవరికైనా మతి చలించడంలాంటిది ఉందా?"

నవ్వబోయి ఆగిపోయాడు. "మా పెద్దనాన్నకి..." అన్నాడు.

ఆ రోజు సాయంత్రం నాలుగింటి మీటింగ్ ఎగ్గొట్టి ఇద్దరం టీకి వెళ్ళాం.