దండలు వేసి పంపేయకండి

విదేశీ ఉపాధ్యాయులు వస్తున్నారంటే బడిలో పాఠాలు ఆగిపోవడం నాకు మింగుడుపడదు. ముగ్గులు, స్వాగతగీతం, శాలువాలు, ఫొటోలు. సాయంత్రానికి కార్లు కదిలిపోతాయి. భాగహారం దగ్గర చిక్కుకుపోయిన పిల్లను టీచరమ్మ ఎట్లా గట్టెక్కిస్తుందో వాళ్ళు చూడనే చూడరు. అది చూడాలంటే అదే తరగతిలో నెలల తరబడి కూర్చోవాలి. జపాన్ 1987లో మొదలుపెట్టిన జెట్ పథకంలో విదేశీ యువత ఏడాది ఒప్పందం మీద వచ్చి, అక్కడి ఉపాధ్యాయుల పక్కన నిలబడి ఇంగ్లిషు నేర్పుతారు. ఐదేళ్ళ దాకా ఉండొచ్చు. మన ఉపాధ్యాయులకూ ఆ దేశం ఏడాదిన్నర ఉపకారవేతనం ఇస్తోంది. అందులో మొదటి నెలలు జపనీస్ నేర్చుకోవడానికే.

మా పడమటి ప్రకాశం ప్రాంతానికి ఇలా పరదేశి వచ్చి నిలిచిపోవడం కొత్తేమీ కాదు. అమెరికా నుంచి 1865లో వచ్చిన మిషనరీ జాన్ క్లౌ ముందు నెల్లూరులో తెలుగు నేర్చుకుని, మరుసటేడు ఒంగోలు చేరాడు. కంభం, మార్కాపురం వైపు మాదిగ పల్లెల్లో మిషను బడులు నిలిచాయంటే ఆ తెలుగు వల్ల, యర్రగుంట్ల పేరయ్య వంటి స్థానికుల వల్ల. క్లౌ వచ్చింది మతం కోసం కదా అంటారు. నిజమే. ఆ ఉద్దేశం మనకు అక్కర్లేదు, ఆ ఓపిక కావాలి. పైగా అప్పట్లో రాకే తప్ప పోక లేదు. గిద్దలూరు టీచరు కూడా అవతలి దేశపు తరగతిలో నిలబడితేనే అది మార్పిడి అవుతుంది. ఖర్చెవరు పెడతారంటారా? ఫుల్‌బ్రైట్ పథకానికి 2008 ఒప్పందం నుంచి మన ప్రభుత్వం అమెరికాతో సమానంగా డబ్బు పెడుతోంది, ఉపాధ్యాయులకూ అందులో చోటుంది. ఇక్కడి ఎండలకు, ఫ్లోరైడు నీళ్ళకు విదేశీ టీచర్లు తట్టుకోలేరన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. మన టీచర్లు ఇక్కడే కాపురాలు చేస్తున్నారు.

అలా ఇక్కడ ఏడాది ఉండే విదేశీ టీచరుకు ముందుగా మార్కాపురం పలకల చరిత్ర చెప్పాలి. ఎన్నో రాష్ట్రాల పిల్లలు ఆ పలకల మీదే అక్షరాలు దిద్దారు. రాయిని పొరలుగా చీల్చి, సాపు చేసి, చెక్క చట్రం బిగించే పనిలో ఇక్కడి పిల్లలే ఉండేవారు. 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలైనప్పుడు తొలి విడతలోనే ఈ పరిశ్రమను చేర్చారు, ఆ పిల్లలకు ప్రత్యేక బడులు తెరిచారు. దుమ్ములోంచి వచ్చిన పదేళ్ళవాణ్ణి ఓనమాల దగ్గర కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఆ బడుల్లో పాఠం చెప్పినవారికి తెలుసు. వాళ్ళలో చాలామంది ఇంకా ఈ ఊళ్ళలోనే ఉన్నారు. వాళ్ళు ఏ పాఠం ఎట్లా చెప్పారో రాసిపెట్టే పని ఎవరైనా ఈ ఏడే మొదలుపెట్టాలి.