బండికి ఊపిరి ఆడకపోతే

పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపికగా చదవండి. ఇంటి పక్కనే సాంచాల కార్ఖానా ఉండి, ఆ గోడకే కారు ఆనించి పెట్టుకునేవాళ్లు తప్పక చదవాలి.

మా అన్నదమ్ములు ముగ్గురికీ కలిపి ఒకటే కారు. 1200 సీసీ పెట్రోలు బండి. నాలుగైదు నెలలుగా దాని పికప్ తగ్గుతూ వచ్చింది. అశోక్ చౌక్ నుంచి కన్నా చౌక్ దాకా తిరిగితే ఏమీ తెలియదు. తుల్జాపూర్ ఘాట్‌లో మాత్రం ఎప్పుడూ మూడో గేరులో ఎక్కే బండి రెండో గేరు అడిగింది. తరువాత హైదరాబాద్ రోడ్డు మీద ఒక లారీని దాటబోతే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా లేవలేదు. పక్కన లారీ, వెనుక నుంచి లైట్లు కొడుతూ మీదికి వస్తున్న ట్రావెల్స్ బస్సు, లోపల అమ్మా పిల్లలూ. పికప్ లేకపోవడం చిన్న విషయం కాదని ఆ రోజు ఇంట్లో అందరికీ తెలిసింది. పైగా వచ్చే నెల సిరిసిల్లలో పెళ్లి ఉంది, అదే బండిలో పోవాలి.

ఒక వర్క్‌షాప్‌కు తీసుకుపోతే, వాళ్లు నడిపి చూడకుండానే క్లచ్ పోయిందన్నారు. పదకొండు వేలు అవుతుందన్నారు. ఇంటికొచ్చి చెబితే మా నాయన నవ్విండు. ఆయన ముప్పై ఏండ్లు సాంచాల జాబర్‌గా పనిచేసిన మనిషి. "ఏంరా, సాంచా మెల్లగ నడిస్తే ముందుగాల్నే మోటారు విప్పుతమా? బెల్టు జారుతుందా, ఎక్కడన్న పట్టేస్తుందా, కరెంటు సరిగ్గ వస్తుందా, ఇవి చూసినంకనే కదా?" అన్నడు.

కారుకు కూడా అదే వరుస. మా గల్లీలోనే ఉండే మన పిల్లవాడు, మెకానిక్, తోడు వచ్చిండు. ముగ్గురం కలిసి చూసినం.

మొదటిది, జారుడు. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో నలభై స్పీడులో పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజన్ మోత ఒక్కసారిగా పెరిగి, బండి మాత్రం వెనుకబడితే క్లచ్ జారుతున్నట్టు. మా బండిలో మోత, స్పీడు రెండూ కలిసే నెమ్మదిగా పెరిగినై. అంటే క్లచ్ మంచిగనే ఉంది.

రెండోది, పట్టుడు. సమంగా ఉన్నచోట న్యూట్రల్‌లో పెట్టి నెడితే బండి తేలికగా కదలాలి. కొంతదూరం నడిపి ఆపినాక నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి, ముట్టుకోవద్దు. ఒక్క చక్రమే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టి ఉందన్నమాట. మాకు అదీ లేదు.

మూడోది, ఇంజన్‌కు అందాల్సినవి. గాలి, పెట్రోలు, స్పార్క్. స్పార్క్ సరిగ్గా లేకపోతే బండి కుదుపులు ఇస్తుంది, చెక్ ఇంజన్ లైటు కూడా వెలగొచ్చు. మా బండికి కుదుపు లేదు, లైటు లేదు, స్కానర్ పెడితే ఏ కోడూ రాలేదు. మెత్తగా నడుస్తుంది, బలం మాత్రం లేదు. అట్లా ఉంటే ముందు గాలి దారి చూడాలన్నడు మెకానిక్.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే కాగితం మడతలు కనబడలేదు. వాటి మీద బూడిదరంగు నూగు పరుపులాగ అట్ట కట్టి ఉంది. నాయన వేలితో తీసి చూసి "మన టవళ్ల నూగే" అన్నడు. కార్ఖానా బ్లోయర్ ముందరే బండి స్టార్ట్ చేస్తాం, అక్కడే ఆన్‌లో పెట్టి అందరూ ఎక్కేదాకా ఆగుతాం. ఒక లీటరు పెట్రోలు కాలడానికి ఇంజన్ సుమారు 9 వేల లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలితో పాటే నూగు కూడా పోతుంది.

"మైలేజీ తగ్గలేదు కదా, ఫిల్టర్ ఎట్లా కారణం?" అని మా తమ్ముడు అడిగిండు. ఇప్పటి ఇంజన్లలో వచ్చిన గాలికి తగ్గట్టు కంప్యూటరే పెట్రోలు తగ్గిస్తుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో పరీక్షించినప్పుడు కూడా, ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పెద్దగా మారలేదు, పికప్ మాత్రం తగ్గింది. కాబట్టి మైలేజీ చూసి మోసపోవద్దు.

కొత్త ఫిల్టర్ మూడువందల యాభై. థ్రాటిల్ కడిగించి, రేడియేటర్ ముందర పేరుకున్న నూగు కూడా తీయించినం. మళ్లీ ఘాట్‌కు తీసుకుపోతే మూడో గేరులోనే ఎక్కింది.

మీరు కూడా సర్వీసు తేదీ కోసం ఆగకుండా, రెండు నెలలకోసారి ఆ డబ్బా విప్పి చూడండి. కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగొద్దు. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే చిరుగుతుంది. ఫిల్టర్ తీసేసి అసలే నడపొద్దు.

ఇంకొక్క మాట. ఆ రోజు పాత ఫిల్టర్ చేతిలో పట్టుకొని నాయన మేడ ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగిండు. బండికి ఫిల్టర్ ఉంది, విప్పి చూడొచ్చు, మార్చొచ్చు. పన్నెండు గంటల షిఫ్టు అదే నూగులో నిలబడే మనిషికి అది లేదు. పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు పేరు బిసినోసిస్. సెలవు తరువాత మళ్లీ పనిలోకి పోయిన మొదటి రోజు ఛాతీ బిగబట్టినట్టు ఉండడం దాని తొలి గుర్తు. అప్పుడే పట్టుకొని దుమ్ముకు దూరంగా ఉంటే తగ్గుతుంది. ఏండ్లు గడిస్తే పోయిన ఊపిరి తిరిగి రాదు.

మన సంఘం పెద్దలకు నా మనవి ఒకటే. ఈసారి ఆరోగ్య శిబిరంలో బీపీ, షుగర్‌తో పాటు ఊపిరి పరీక్ష కూడా పెట్టించండి. స్పైరోమెట్రీ అంటారు, గొట్టంలోకి గట్టిగా ఊదించి చూస్తారు. మా నాయన పేరు మొదట రాయండి. మీ ఇంట్లో సాంచాల మీద పనిచేసినవాళ్లు ఎవరుంటే వాళ్ల పేర్లు కింద కామెంట్లలో పెట్టండి, జాబితా నేను తయారుచేసి ఇస్తాను.