నీళ్లు దాచుకునే కప్ప

అమెరికా అనగానే మనవాళ్లకి మంచు గుర్తొస్తుంది. మా అబ్బాయి ఉండే టూసాన్ మాత్రం అచ్చమైన ఎడారి. అరిజోనా రాష్ట్రంలోని ఆ ఊళ్లో ఏడాదంతా కలిపి పడే వాన 30 సెంటీమీటర్ల లోపే. మా అనంతపురంలో సగటున 55 దాకా పడినా కరువు జిల్లా అంటున్నాం! అక్కడా ముఖ్యమైన వానలు జూలై, సెప్టెంబరుల మధ్యే. వాటిని వాళ్లూ మాన్‌సూన్ అనే అంటారు.

కిందటేడు జూలైలో ఓ పెద్దవాన వెలిశాక, సాయంత్రం ఊరి అంచునున్న సబీనో కేన్యన్‌కు వెళ్లాం. బండల మధ్య నీటిగుంటల దగ్గర సన్నగా, ఈల వేసినట్టు ఒకటే కూత. ‘కప్ప తాతయ్యా!’ అన్నాడు మనవడు. టార్చి వేసి చూస్తే రెండంగుళాల ప్రాణి. బూడిదరంగు ఒంటిమీద కుంకుమ చుక్కల్లాంటి ఎర్రటి పొక్కులు. పేరు కూడా రెడ్ స్పాటెడ్ టోడ్. 1852లో బెయిర్డ్, గిరార్డ్ అనే శాస్త్రవేత్తలు దీనికి శాస్త్రీయనామం పెట్టారట.

ఎడారిలో కప్ప ఎలా బతుకుతుంది? మా కోడలు తెచ్చిచ్చిన పుస్తకాల్లో జవాబు దొరికింది. పగలంతా బల్లపరుపు ఒంటిని రాతి నెర్రెల్లోకి దూర్చి పడుకుంటుంది. రాత్రి బయటికొస్తుంది. నోటితో నీళ్లు తాగదు. తడినేల మీద చతికిలబడి పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. మొత్తం చర్మంలో ఆ భాగం పదోవంతే అయినా, పీల్చే నీటిలో 70 శాతం దాని గుండానే వెళ్తుంది. ఆ నీటిని మూత్రాశయంలో దాచుకుని, అవసరమైనప్పుడు మళ్లీ ఒంట్లోకి తీసుకుంటుంది. ఒంట్లో నీరు 40 శాతం తగ్గినా తట్టుకుంటుంది. మనకైతే అందులో సగం పోయినా ప్రాణం మీదికొస్తుంది.

పిల్లల సంగతే కష్టం. గుడ్లు మూడు రోజుల్లో పొదిగినా, తోకకప్పలు కప్పలు కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందాకా గుంటలో నీళ్లుండాలి.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాం. మధ్యలో సరైన వాన లేదు. ఒక గుంట ఎండి బురద పెచ్చులు కట్టింది. తోకకప్పలు దానికి నల్లగా అతుక్కుపోయాయి. మనవడు చాలాసేపు మాట్లాడలేదు. పక్కన బండ నెర్రెలో ఒక కప్ప కనిపించగానే ఇంటికి తీసుకెళ్లి కాపాడతానని డబ్బా తీశాడు.

‘పట్టుకుంటే భయంతో దాచుకున్న నీళ్లన్నీ వదిలేస్తుంది నాన్నా. మళ్లీ వాన పడేదాకా దానికి అవే ఆధారం’ అంది కోడలు. వాడు డబ్బా మూసేశాడు.

మా ఊళ్లో వాన మొహం చాటేస్తే ఆడవాళ్లు రోకలికి వేపమండలు, కప్పను కట్టి ఇంటింటికీ తిప్పేవారు. ప్రతి ఇల్లాలూ చెంబెడు నీళ్లు పోసేది. వచ్చిన వానను దాచుకోవడం మీద మాత్రం ఎవరికీ అంత పట్టింపు ఉండేది కాదు. ఇప్పుడు బోరు వందల అడుగులు దించినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు.

తిరిగొచ్చాక ఇంటి ముందు ఇంకుడుగుంత తవ్వించాను. ఫోన్ చేసినప్పుడల్లా మనవడిది ఒకటే ప్రశ్న: ‘తాతయ్యా, కప్పలొచ్చాయా?’